కొత్తచేతికి తగిన జారుడు బండి

శ్రీ విజయపురమను క్రొత్త పేరు 2024లో పొందియు జనుల నోట నేటికిని పోర్ట్ బ్లెయిరుగనే నిలిచియున్న పట్టణమునకు శివారుగా, కొండపల్లముల నడుమ ఒదిగియున్న బ్రూక్షాబాద్‌లో, వానాకాలమున ఇంటి అరుగుపై కూర్చుండి రోడ్డును చూచుచుండుట నాకు చిరకాలపు అలవాటు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము కురియు దీవి యిది. ఆ వానలో సరుకు దింపి ఖాళీగా వచ్చు జీపొకటి వంపు తిరుగునపుడు, దాని వెనుక భాగము జానెడు ప్రక్కకు జారుటయు, డ్రైవరు స్టీరింగును రవ్వంత ఎదురు త్రిప్పి, ఏమియు జరుగనట్లు బండిని మరల దారికి తెచ్చుకొనుటయు తరచు కానవచ్చును. మొన్న అట్టి దృశ్యమును చూచినపుడు నా ప్రక్కన మా మేనల్లుడు కూర్చుండియుండెను. మెకానిక్ షెడ్డులో పని నేర్చుకొనుచున్న కుర్రవాడు. తాతల నాడు శ్రీకాకుళము నుండి ఓడనెక్కి వచ్చిన కుటుంబము గనుక మాట యింకను అక్కడిదే.

"బండి జారితే పెద్ద ప్రమాదమంటారు గదా మావయ్యా, మరి జారడానికనే మార్చిన బండిని కొత్తోళ్లకి బాగుంటాదని చెప్పి అమ్ముతారేటి? అదెలాగ?" అని వాడడిగెను.

ఆ ప్రశ్నలో యంత్రశాస్త్రమును కలదు, వ్యాపారధర్మమును కలదు. రెంటికిని సమాధానము ఒకే చోట నున్నదని నా నమ్మకము; అయితే దానిని చేరుటకు ముందు, బండి ఏల జారుచున్నదో, జారియు ఏల బోల్తాపడకున్నదో తెలిసికొనవలయును.

కారు ఎంత పెద్దదైనను, అది భూమిని తాకునది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క టైరు క్రింద నేలనంటియుండు భాగము మన అరచేతికంటె ఎక్కువ పెద్దది కాదు. బండిని ముందుకు త్రోయుట, ఆపుట, ప్రక్కకు త్రిప్పుట అను మూడు పనులును ఆ నాలుగు అరచేతుల పట్టుమీదనే జరుగవలయును. ఆ పట్టునకు ఒక హద్దు కలదు. ఒకే తూము నుండి రెండు మళ్లకు నీరు పెట్టు రైతును తలచుకొనుడు: ఒక మడికి నీరంతయు మళ్లించినచో రెండవ మడి ఎండిపోవును, తూము సామర్థ్యము మాత్రము పెరుగదు. అట్లే వెనుక చక్రములకు ఇంజను బలమును మితిమీరి పంపినచో, టైరు పట్టంతయు ముందుకు త్రోయుటలోనే వ్యయమై, వంపులో బండిని ప్రక్కకు పట్టియుంచుటకు మిగులునది అత్యల్పము. అప్పుడు వెనుక భాగము వెలుపలికి జారును. హ్యాండ్ బ్రేకు లాగి వెనుక చక్రములను బిగబట్టినను, క్లచ్చును తొక్కి చటుక్కున వదలినను, యాక్సిలరేటరు మీది కాలును వంపులో హఠాత్తుగా తీసి బండి బరువును ముందు చక్రములపైకి ఒరగనిచ్చినను ఫలితమొక్కటే: వెనుక టైర్ల పట్టు తరిగిపోవుట. డ్రిఫ్టు అను విద్యకు ఇది మొదటి మెట్టు.

తడినేలపై ఇది మరింత సులభము. ఎండిన తారురోడ్డుపై ఘర్షణ గుణకమును 0.8 గాను, తడిసినపుడు 0.5 గాను తీసికొందము. 20 మీటర్ల వ్యాసార్ధము గల వంపులో పట్టు తప్పు వేగము మొదటి పక్షమున గంటకు సుమారు 45 కిలోమీటర్లు, రెండవ పక్షమున సుమారు 36 కిలోమీటర్లు. తేడా తొమ్మిది కిలోమీటర్లే యైనను, గతిజశక్తి వేగము యొక్క వర్గముతో మారును గనుక, తడినేలపై జారు బండి గోడను తాకినచో మోసికొనిపోవు శక్తి సుమారు 37.5 శాతము తక్కువగా నుండును. డ్రిఫ్టు నేర్పువారు మైదానమును నీటితో తడిపి మొదటి పాఠము చెప్పుట టైర్లు అరగకుండుటకు మాత్రమే కాదు. తక్కువ వేగములో, తక్కువ బలముతో, పొరపాటునకు తక్కువ మూల్యముతో అదే పాఠము నేర్వవచ్చును.

ఇక జారిన బండి ఎట్లు నిలుచును? మా దీవులలో డోంగీ యను చిన్న పడవను నడుపువారెవరైనను దీనిని సగము గ్రహించియే యుందురు. పాయలో నీటి పోటు అడ్డముగా లాగుచుండగా ఆవలి ఒడ్డు చేరవలసినవాడు డోంగీ ముక్కును పోటుకు ఎదురుగా పెట్టును. ముక్కు చూపు దిక్కు వేరు, డోంగీ పోవు దారి వేరు. డ్రిఫ్టులో నున్న కారు కూడ అంతే. దాని ముక్కు వంపు లోపలికి చూచుచుండును. కారు మాత్రము వంపు వెంబడి ప్రక్కవాటుగా సాగుచుండును. ముందు చక్రములు కారు ముక్కును గాక, కారు పోవుచున్న దారిని చూచుచుండును. అందుచేతనే వెలుపలి నుండి చూచువారికి స్టీరింగు విపరీత దిశకు త్రిప్పినట్లు తోచును. ముక్కునకును దారికిని నడుమ గల ఆ కోణమును నిలుపుకొనుటయే విద్య యంతయు.

ఆ నిలుపుకొనుట సహజస్థితి కాదు, క్షణక్షణమును సరిచేసికొనుట. పిల్లలు చీపురుకట్టను అరచేతిపై నిలువుగా నిలుపు ఆట ఆడుదురు కదా. చీపురు ఏ క్షణమునను స్థిరముగా నుండదు. అది ఒరిగిన వైపునకు చేయి జరుగుచుండుటచేతనే నిలిచియుండును. ఇక్కడ ఒక చిత్రమున్నది: పొడవైన చీపురును నిలుపగల పిల్లవాడు పెన్సిలును నిలుపలేడు. తేలికయైన వస్తువు గనుక సులభము కావలయును గదా యనిన, కాదు. పొడవైన కర్ర మెల్లగా ఒరుగును, పొట్టి కర్ర వడిగా ఒరుగును. మీటరు పొడవు గల కర్ర విషయమున ఒరుగుకోణము సుమారు 2.7 రెట్లగుటకు పావు సెకను పట్టును. 18 సెంటీమీటర్ల పెన్సిలునకు సెకనులో తొమ్మిదవ వంతు చాలును. కంటితో చూచి చేతితో స్పందించుటకు మనుష్యునకు సుమారు సెకనులో నాలుగవ లేదా అయిదవ వంతు కావలయును. పెన్సిలు ఒరుగుట మనము చూచి చేయి కదల్చులోపుననే అది చేయి దాటిపోవును. చీపురు మనకొఱకు వేచియుండును.

మా మేనల్లునకు నేను చెప్పిన సమాధానము ఇదియే. కొత్తవానికి తగిన డ్రిఫ్టు బండి యనగా బలహీనమైనది కాదు, చౌకయైనది కాదు, చూచుటకు ఆడంబరమైనది అంతకంటె కాదు. తాను చేయబోవు పనిని వానికి ముందుగా తెలియజేయు బండి. చీపురువంటి బండి. అమ్మువాడు కొత్తవానికి తగునని చెప్పినచో, ఆ మాటకు అర్థము ఇదియై యుండవలయును. కానిచో అది అబద్ధము.

ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము ఎక్కువగా నుండుట, బరువు బండి రెండు కొనలకును విస్తరించియుండుట, ఇంజను బలము ఒక్కసారి విరుచుకుపడక తొక్కిన కొలది పెరుగుట, టైరు పట్టు ఒక్కుమ్మడిగా గాక మెల్లగా సడలుట: ఈ నాలుగు గుణములును ఒరుగుటను మందగింపజేయునవే. టర్బో అమర్చిన ఇంజను ఈ కారణముననే నేర్చుకొనువానికి తగదు. యాక్సిలరేటరు తొక్కినపుడు క్షణకాలము ఊరకుండి, పిమ్మట ఒక్కమారుగా బలము వచ్చునట్టి స్వభావము దానికి గలదు. నేర్చుకొనువాడు తన కాలు చేసిన పనికి ఫలితమును వెంటనే చూడలేకపోయినచో, తాను ఏ తప్పు చేసెనో ఎన్నటికిని తెలియనేరడు.

ఈ విద్యకు పుట్టినిల్లు జపాను. 1961లో పశ్చిమ జర్మనీలో జరిగిన గ్రాండ్ ప్రీ మోటారుసైకిలు పందెమున గెలిచి, అట్టి విజయము సాధించిన మొదటి జపానీయుడుగా పేరొందిన కునిమిత్సు తకహాషి, పిమ్మట కార్ల పందెములకు మారి, 1970 దశకమున వంపులలో కారును ప్రక్కవాటుగా జార్చుచు వేగము పోగొట్టుకొనకుండ నడపు తీరును జనులకు చూపెను. ఆయనను చూచి ముగ్ధుడైన కెయిచి త్సుచియా ఆ తీరును పర్వతమార్గములలో సాధనచేసి, దానిని ఒక కళగ నిలిపి, 'డ్రిఫ్టు రాజు' అను బిరుదము పొందెను. 2000 దశకారంభమున డి1 గ్రాండ్ ప్రీ అను పోటీలు వెలయుటలో ఆయన చేయి కలదు. ఆయన పేరుతో విడదీయరానిది 1983 నుండి 1987 వరకు టొయోటా కంపెనీ తయారుచేసిన ఎ.ఇ.86 అను చిన్నకారు. 1587 సి.సి. ఇంజను, టన్నుకు లోపు బరువు, వెనుక చక్రములకు బలము. దాని చక్రముల నడుమ దూరము 2400 మిల్లీమీటర్లే. చీపురు లెక్కన అది పొట్టికర్రయే. అయినను తరతరముల జపాను కుర్రవాండ్రు దానిమీదనే ఓనమాలు దిద్దుకొనిరి. ఏలయన దాని ఇంజను టర్బో లేనిదై, పాదము చెప్పినంతయే చేయును, అంతకు మించి చేయదు. ఒక లోటును మరియొక గుణము పూడ్చునని ఈ బండి చూపుచున్నది.

మన దేశమున ఆ స్థానమునకు సరిపోవునవి వెనుక చక్రముల బలముతో నడచు పాత కార్లు. 1983 చివర వచ్చిన మారుతి 800 ముందు చక్రములతో లాగబడునది. చిన్నకార్లు చాలవరకు క్రమముగా ఆ దారినే పట్టెను. ముందు చక్రములే లాగు బండిలో ఇంజను బలముతో వెనుక భాగమును జార్చుట సాధ్యపడదు గనుక డ్రిఫ్టునకు అవి పనికిరావు. మిగిలినవి ప్రీమియర్ పద్మిని, అంబాసిడరు, కాంటెస్సా. పద్మిని 1089 సి.సి. బండి, బలము బొత్తిగా తక్కువ, తడినేలపై తప్ప దానిని జార్చుట ప్రయాస. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారమున హిందుస్థాన్ మోటార్స్ వారు 1984 నుండి 2002 వరకు తయారుచేసిన కాంటెస్సా వీనిలో నాకు మిక్కిలి యిష్టమైనది. బ్రిటన్ దేశపు వాక్స్‌హాల్ నమూనాకు అది రూపాంతరము. పొడవైన ముక్కు, విశాలమైన శరీరము, చక్రముల నడుమ 2667 మిల్లీమీటర్లు. తరువాతి కాలపు బండ్లలో అమర్చిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజను బలము దీనికి చాలినంత, కొత్తవానికి మించనంత. మన వీథులలో పెండ్లికొడుకులను ఊరేగించిన ఆ బండి నిజమైన చీపురుకట్ట.

అట్టి కాంటెస్సా నొకదానిని డ్రిఫ్టునకు మార్చి, ఇచ్చట ఎవరైనను అమ్మకమునకు పెట్టిరనుకొందము. కొనువాడు దేనిని చూడవలయును, అమ్మువాడు దేనిని తానుగా చూపవలయును?

మొట్టమొదట డిఫరెన్షియలు. బండి వంపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలయును గనుక, రెండు చక్రములును వేర్వేరు వేగములతో తిరుగునట్లు చేయు పళ్లచక్రముల అమరిక అది. సామాన్యమైన బండికి అది వరము. డ్రిఫ్టు బండికి శాపము. వంపులో బరువు వెలుపలికి ఒరిగి లోపలి చక్రము తేలికపడగానే, ఇంజను బలము ఆ తేలికపడిన చక్రమును ఉత్తినే గిరగిర త్రిప్పి వృథాయగును. బండి జారుట సగములో ఆగును. అందుచే డ్రిఫ్టునకు మార్చువారు లోపలి చిన్న పళ్లచక్రములను వెల్డింగు చేసి రెండు చక్రములను ఒకటిగ బిగింతురు, లేదా ఖరీదైన లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియలు నమర్తురు. వెల్డింగు చేసినది చౌక. పైగా కొత్తవానికి మేలు, ఏలయన అది ఎల్లప్పుడును ఒకే తీరుగ ప్రవర్తించును. అయితే మెల్లగా మలుపు తిరుగునపుడు టైర్లు నేలను గీచుకొనుచు కిర్రుమని మూల్గును. ఇరుసుల మీద భారము పడును. వెల్డింగు చెడ్డదైనచో ఒకనాడు ముక్కలై హౌసింగును పగులగొట్టును.

దీనిని పరీక్షించు ఉపాయము మా మేనల్లునకు చేసి చూపితిని. షెడ్డులోని ఒక జీపు ముందు చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, వెనుక భాగమును జాకీతో లేపి, క్రింద స్టాండ్లు నిలిపి, గేరులో వేసి, ఒక వెనుక చక్రమును చేతితో త్రిప్పుమంటిని. వాడు ఎడమ చక్రమును ముందుకు త్రిప్పగా కుడిది తనంత తాను వెనుకకు తిరిగెను. వాడు చేయి తీసి, రెండవ ప్రక్కకు వచ్చి, మరల త్రిప్పి చూచి, "ఇది ఇటు తిప్పితే అది అటెళ్తాదేటి మావయ్యా!" అని ఆశ్చర్యపడెను. వెల్డింగు చేసిన బండియైనచో గేరులో నుండగా చక్రము కదలనే కదలదు. న్యూట్రలులో త్రిప్పినచో రెండును ఒకే వైపునకు జంటగా తిరుగును. ఈ పరీక్షకు రెండు నిమిషములు చాలును. దీనితో అమ్మువాని మాట నిజమో కాదో తేలిపోవును.

రెండవది స్టీరింగు. బండి కోణము పెరిగిన కొలది ముందు చక్రములు అంతకంతకు ఎక్కువగా ఎదురు తిరుగవలయును. అవి తమ హద్దు చేరిన మీదట బండిని ఆపు శక్తి వేరొకటి లేదు, అది గిర్రున తిరిగి వెనుక ముందగును. అందుచే చక్రమును పట్టుకొను నకిల్ భాగములను మార్చి, చక్రము మరికొంత ఎక్కువ తిరుగునట్లు చేయుదురు. నేర్చుకొనువానికి ఇది ప్రాణరక్షకమువంటిది. పొరపాటు దిద్దుకొనుటకు కొన్ని డిగ్రీల అదనపు స్థలము లభించును. మరియొక రహస్యము క్యాస్టరు కోణము. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలియున్నట్లే, కారు ముందు చక్రము తిరుగు ఇరుసు కూడ వెనుకకు వాలియుండును. ఆ వాలు వలన, చేతులు సడలించినచో, చక్రము తనంత తానే బండి పోవు దిక్కునకు తిరుగును. కొత్తవారు చేయు మొదటి తప్పు స్టీరింగును భయముతో గట్టిగా పట్టుకొనుట. అనుభవజ్ఞుడు దానిని అరచేతుల నడుమ జారనిచ్చి, కావలసిన చోట మెల్లగా పట్టుకొనును. బండి తన దారిని తానెరుగును. మనము అడ్డుపడకుండుట నేర్వవలయును. కాని ఎక్కువ వంపునకు మార్చిన నకిల్ వెల్డింగుతో చేసినదైనచో, ఆ అతుకును పట్టపగటి వెలుగులో చూడకుండ ఎవ్వరును ఆ బండి నెక్కరాదు. స్టీరింగు భాగము విరిగినచో ఏ విద్యయు రక్షింపలేదు.

స్ప్రింగులను కోసి బండిని క్రిందికి దించుట మరియొక దురాచారము. కోసిన స్ప్రింగు చివరివరకు నొక్కుకొనిపోయి ఇనుము ఇనుమును తాకిన క్షణమున, టైరుపై భారము ఒక్కసారిగా మారి, పట్టు హఠాత్తుగా పోవును. చీపురు అప్పటికప్పుడు పెన్సిలుగా మారును. హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేకు అమర్చినచో దాని గొట్టములు కాలిబ్రేకు వ్యవస్థతో కలియు చోట చెమ్మ యున్నదేమో వ్రేలితో తడిమి చూడవలయును. ప్రక్కవాటుగా పోవు బండి రేడియేటరునకు ఎదురుగాలి సరిగా తగులదు, ఇంజను మాత్రము గొంతు చించుకొని పనిచేయుచుండును. మా వేడిదేశమున పెద్ద రేడియేటరు అలంకారము కాదు, అవసరము.

వీనియన్నింటికంటె ఈ దీవిలో భయపడవలసినది తుప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుముపై పడి చెమ్మతో కలిసినపుడు విద్యుత్తును సులభముగ ప్రసరింపజేయు ద్రవమగును; ఇనుములోని ఎలక్ట్రానులు ఒక చోటు విడిచి మరియొక చోటు చేరు చిన్న బ్యాటరీలు వేలకొలది ఆ పలక మీద పుట్టును; క్లోరైడు కణములు రక్షకమైన పొరను ఛేదించి గుంటలు త్రవ్వును. వెల్డింగు వేడికి రంగు కాలిపోయిన చోటులనే తుప్పు మొదట పట్టుకొనును. డ్రిఫ్టు బండిలో మార్పుచేసిన ప్రతి చోటును వెల్డింగు చేసిన చోటే, మిక్కిలి భారము మోయు చోటును అదే. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును తలుపుల క్రింది అంచు వెంబడి మెల్లగా జార్పుడు. ఇనుమున్నంతమేర అది అంటుకొని వచ్చును. పుట్టీ నింపి రంగు వేసిన చోట చప్పున వ్రేలాడి చేతిలోనికి వచ్చును. ఆ చిన్న జారుపాటు నా చేతికి తెలిసిన ప్రతిసారియు మనసు చివుక్కుమనును.

ఇక చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానితో భేదించునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నియమమును స్థిరపరచెను. ప్రభుత్వానుమతి లేక రోడ్డుపై పందెములు పెట్టుట 189వ సెక్షను క్రింద నేరము. కనుక ఇట్టి బండి స్థానము ఆవరణ గల మైదానమో, చెన్నై చెంతనున్న ఇరుంగాట్టుకోట్టై వంటి పందెపు మార్గమో గాని, బ్రూక్షాబాద్ రోడ్డు కాదు. ఇచ్చటి నుండి చెన్నైకి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము. బండిని ఓడనెక్కించి పంపవలయును, అక్కడ చేరిన మీదట లారీ మీదనే మోయించుకొనవలయును. అమ్మినవాడు అదే రాష్ట్ర పరిధిలో నైనచో 14 దినములలోగాను, కొన్నవాడు 30 దినములలోగాను యాజమాన్యపు మార్పును రవాణా కార్యాలయమునకు తెలుపవలయును; పత్రములపై 29, 30 సంఖ్యల ఫారములు వ్రాయవలయును. ఇవి చేయక చేతులు దులుపుకొన్న అమ్మకము, తరువాత జరుగు ప్రతి ప్రమాదమును పాత యజమాని ఇంటి గుమ్మములోనికి తెచ్చును.

ఇంతయు విని మా మేనల్లుడు, "అయితే అమ్మేటప్పుడు ఏటేటి రాయాలి?" అని కాగితము తీసెను. బండికి ఎంత ఖర్చుపెట్టినది వ్రాయవద్దంటిని. కొనువానికి దానితో పనిలేదు. ఏ భాగము మార్చితిమి, ఎవరు వెల్డింగు చేసిరి, ఎంతకాలమైనది, ఏది మొదటిదిగనే యున్నది, తుప్పు ఎక్కడ కోసి ఎక్కడ క్రొత్త రేకు వేసితిమి, ఎన్ని అదనపు రిమ్ములును ఎంత అరిగిన టైర్లును బండితో వచ్చును, ఏ వేగములో అది స్టీరింగును దిద్దుకొనుటకు వీలిచ్చును, ఏ వేగములో ఇయ్యదు: ఇవి వ్రాయుమంటిని. వాడు వరుసగా వ్రాసి, చివర నేను చెప్పకయే ఇంకొక మాట చేర్చెను. మార్పు చేయునపుడు విప్పిన పాత డిఫరెన్షియలు, పాత నకిల్స్, కోయని పాత స్ప్రింగులు గ్రీజు పూసి గోనెసంచిలో కట్టి బండి డిక్కీలో పెట్టి యిచ్చెదమని. కొన్నవాడు ఎప్పుడైనను దానిని మరల రోడ్డు మీదికి తేవలెననుకొనినచో, ఆ సంచి లేక దారి లేదు.